మామ్మగారి తాతగారు

మా పక్కింటి మామ్మగారు పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున నేను స్కూలుకు క్యారేజీ సర్దుకుంటూ ఉంటే, ఆవిడ కోడలు ప్రహరీ గోడ మీదుగా కేకేసింది. "అత్తయ్య దేవుడి దగ్గర కూర్చుని పలకట్లేదే. ఒకసారి రా!" నేను వెళ్ళేసరికి మామ్మగారు పూజగదిలో గోడకు చేరగిలబడి ఉన్నారు. ఆరబోసుకున్న జుట్టు ఇంకా తడిగానే ఉంది. అభిషేకానికి నింపుకున్న చెంబు పక్కన నిటారుగా నిలబడి ఉంది. ఎనభై దాటిన మనిషి, చెంబులో నీళ్ళు కూడా ఒలకబోయకుండా వెళ్ళిపోయారు.

ఏడుపు కంటే ముందు మా ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చినట్టుంది. ఇద్దరం ఒకేసారి వీధి అరుగు వైపు చూశాం. అక్కడ తాతగారు కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నారు. మొహం అప్పటికే శుభ్రంగా తుడిచి ఉంది.

తాతగారంటే మామ్మగారి భర్త అనుకునేరు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ తాతగారు మా కుక్క. నరసరావుపేటలో మా వీధి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది, 'మీరు' అనే మాట్లాడుతుంది. చైనా జాతి, ఒళ్ళంతా ముడతలు. ఆ ముడతలు రోజూ విప్పి తుడిచి ఆరబెట్టాలి. లేకపోతే లోపల ఒరుసుకుని పుండు పడుతుంది, అది కళ్ళ దాకా వస్తుంది. ఆయన మొహం మీద చెయ్యి వేయనిచ్చేది మామ్మగారిని ఒక్కరినే. పేరుకు కుక్క నాది. అన్నం పెట్టేదాన్ని నేను, డాక్టరుకు చూపించేదాన్ని నేను. మొహం మాత్రం ఆవిడది. రేపటి నుంచి ఆ మొహం ఎవరు తుడవాలి? మనిషి పోయిన ఇంట్లో నిలబడి కుక్క గురించి ఆలోచిస్తానా అని నన్ను నేను తిట్టుకున్నాను గానీ, మామ్మగారు లేచి కూర్చుంటే ముందు అదే అడిగేవారు.

తాతగారిని మా మరిది హైదరాబాదు నుంచి తెచ్చాడు. పెళ్ళికి ముందు ముచ్చటపడి కొన్నాడు. పెళ్ళయ్యాక ఆ అమ్మాయికి కుక్క వెంట్రుక సరిపడదని తేలింది. "వదినా, టీచరమ్మవి, నీకు పిల్లల్ని సముదాయించడం అలవాటే కదా" అని నాకు అంటగట్టి వెళ్ళాడు. మూడు కుక్కలకు సరిపోయే చర్మం ఒక్కదానికే తొడిగి పంపినట్టుంది. నుదుటి మీద మడత మీద మడత, కళ్ళు ఎక్కడో లోపల. నేను బ్రూనో అని పేరు పెట్టాను. నేను తప్ప ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఈ భూమ్మీద లేరు.

మొదటిరోజే మామ్మగారు మా గేటు దగ్గరికి వచ్చి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"అయ్యో! ఇంత పెద్దాయన్ని ఈ ఎండలో యాడ నుంచి తెచ్చారమ్మాయ్?"

"పెద్దాయన కాదు మామ్మగారూ, మూడు నెలల పిల్ల."

"నువ్వు ఊరుకో. మొహం చూస్తే తెలవట్లా నాకు?" అని నన్ను కసిరి, కుక్కపిల్ల వైపు తిరిగారు. "మీరు రండి తాతగారూ, నీడకి రండి."

వాడు వెళ్ళాడు. వెళ్ళక ఏం చేస్తాడు, మా ఇంట్లో ఉన్నవి టైల్సు, మామ్మగారి అరుగు మాచర్ల నాపరాయి. మా పల్నాడు ఎండల్లో ఆ నాపరాయి మీద పొట్ట ఆనించి పడుకోవడం ఎంత సుఖమో ఆ జాతివాడికి ఒక్క పూటలో తెలిసిపోయింది. వాడికి ఎండ అసలు పడదు. మామ్మగారు మధ్యాహ్నం పూట ఆయన్ని రోడ్డు ఎక్కనిచ్చేవారు కాదు. సాయంత్రం కూడా ముందు తాను చెప్పులు విడిచి సిమెంటు రోడ్డు మీద పాదం ఆనించి చూసేవారు. "నా కాలు కాలితే ఆయన కాలు కాలదా?" అనేవారు. వీధిలో అందరూ చూస్తుండగా ఆవిడ ఒంటికాలి మీద నిలబడి రోడ్డును పరీక్ష చేయడం, తాతగారు పక్కన కూర్చుని ఆ ఫలితం కోసం ఎదురుచూడడం రోజూ జరిగేది.

ఇప్పుడు మడి సంగతి చెప్పాలి. మామ్మగారిది వ్యాపారస్తుల కుటుంబం, బజారులో నూనె కొట్టు. ఇంట్లో ఆచారం గట్టిది. కుక్కను ముట్టుకుంటే స్నానం చేయాల్సిందే. మొదటి వారం ఆవిడ పొద్దున స్నానం చేసి, పూజ చేసి, అరుగు మీదికి వచ్చి తాతగారి తల నిమిరి, మళ్ళీ స్నానం చేసేవారు. మధ్యాహ్నం ఆయన మొహం చూసి జాలిపడి మళ్ళీ నిమిరి, మళ్ళీ స్నానం. ఆవిడకు జలుబు చేసింది, ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి, కోడలు అలిగింది. అప్పుడు ఆవిడ రోజంతా ఆలోచించి ఒక ఏర్పాటు చేశారు. ముందు తాతగారి స్నానం, తరువాత తన స్నానం, ఆ తరువాత దేవుడి స్నానం. ఇలా వరసన పెట్టేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో దేవుడు మూడోవాడు అయ్యాడు.

"దేవుడు ఏమీ అనుకోడా మామ్మగారూ?" అని నేను ఆటపట్టిస్తే, "ఆయనకి ముడతలు లేవుగా, ఆగుతాడు" అన్నారు.

తాతగారి స్నానమంటే రోజూ నీళ్ళు పోయడం కాదు. అది నెలకు ఒకసారి, నా పని. రోజూ జరిగేది మొహం పని. మామ్మగారు పాత మంగళగిరి చీరలు చింపి మూడు రకాల గుడ్డలు చేశారు. కంటి గుడ్డ, ముడతల గుడ్డ, పొడి గుడ్డ. ఒకదానితో చేసే పని ఇంకోదానితో చేయకూడదు. ఇత్తడి గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్ళు. అరుగు మెట్టు మీద కూర్చుని, "తల ఎత్తండి తాతగారూ" అని, గడ్డం కింద చెయ్యి పెట్టి, నుదుటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మడత విప్పి తుడిచేవారు. బజ్జీలంత చెవులు ఎత్తి లోపల వాసన చూసేవారు. మనవరాలికి జడ వేసేటప్పుడు కూడా ఆవిడ అంత శ్రద్ధ పెట్టడం నేను చూడలేదు.

మొదట్లో ఈ పనిలో ఒక పెద్ద పొరపాటు జరిగింది. నూనె కొట్టు ఇంటి ఆడవాళ్ళకు లోకంలో నూనెతో నయం కానిది లేదు. మోకాలి నొప్పికి నూనె, పిల్లల ఏడుపుకు నూనె, తలుపు కిర్రుమంటే నూనె. ముడతల్లో కాస్త ఎరుపు ఉందని నేను అనగానే ఆవిడ గానుగ నువ్వుల నూనెలో పసుపు వేసి మడత మడతకూ పట్టించారు. నాకు కూడా అది బాగానే అనిపించింది. తాతగారు పచ్చగా, ధగధగలాడుతూ వీధిలో తిరిగారు. వారం తిరిగేసరికి ఆయన దగ్గర పులిసిన పిండి వాసన వచ్చింది. మడత విప్పితే లోపల పచ్చిపుండు.

ఊళ్ళో పశువుల డాక్టరు మంచివాడు, మనసులో మాట దాచుకోడు. "గేదెలైతే చెప్పండమ్మా చూస్తాను. ఇట్టాంటిది నేను ఫోన్లోనే చూశా" అన్నాడు. అయినా తనకు తెలిసిన వాళ్ళను ఫోన్లో అడిగి మందు రాసి, "తడి ఉండకూడదు, నూనె అసలు ఉండకూడదు. తుడవాలి, ఆరబెట్టాలి, అంతే" అని చెప్పాడు. మామ్మగారు ఆ మాట పాటించారు గానీ ఆయన్ని క్షమించలేదు. "నూనె వద్దంటాడేందమ్మాయ్! నూనె వద్దనే డాక్టరు ఒక డాక్టరా?" అని చాలా రోజులు గొణిగారు. ఆ పుండు మానాక మాత్రం చేత్తో తడిమి చూసుకుని, "పోనీలే, చదువుకున్నాడు" అని ఒప్పుకున్నారు.

కోడలికి ఈ వైభోగం నచ్చేది కాదు. నేను ఆమెను వదినా అంటాను. వదిన తాతగారిని 'అది' అనేది, 'దీన్ని' అనేది. ఆమె బాధ ఆమెది. వీధిలో వాళ్ళ మామగారిని కూడా తాతగారనే పిలిచేవారు. "మా మామగారిని పిలిచిన పిలుపుతో కుక్కని పిలుస్తారేందత్తయ్యా, ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?" అని ఒకసారి నా ముందే అడిగింది. మామ్మగారు గుడ్డ పిండుతూ, "ఆయన బతికినన్నాళ్ళూ ఒక్కసారన్నా నా మాట వినలా. ఈయన వింటన్నాడు" అన్నారు. వదినకు నవ్వు వచ్చింది. నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంకో గొడవ చక్కెర పొంగలి దగ్గర వచ్చింది. ప్రసాదం ముద్ద తాతగారికి పెట్టబోతుంటే నేను పరుగెత్తుకెళ్ళి ఆపాను. కిస్‌మిస్ కుక్కలకు విషమని డాక్టరు చెప్పాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పొంగలిలో కిస్‌మిస్ పడలేదు, పండగకు కూడా. "దేవుడి ప్రసాదంలో కూడా దీని మాటే చెల్లుతుంది" అని వదిన సణిగింది. అన్నట్టు ఆ జాతికి నాలుక నల్లగా ఉంటుంది. మామ్మగారు ఆ నలుపు మసకగా చూసి ఆయన ఎవరి చెట్టు కిందో దొంగతనంగా నేరేడుపళ్ళు తిని వస్తున్నారని చాన్నాళ్ళు అనుమానపడ్డారు.

తాతగారికి రెండో ఏడు నడుస్తుండగా కళ్ళు పాడవడం మొదలైంది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారేవి. ముందుకాలితో రుద్దుకుంటూ గోడలకు తగులుతూ నడిచేవారు. ఊరి డాక్టరు గుంటూరు తీసుకెళ్ళమన్నాడు. కనురెప్ప లోపలికి ముడుచుకుపోయి వెంట్రుకలు కంటిగుడ్డును గీకుతున్నాయని, ఆపరేషన్ చేసి రెప్ప సరిచేయకపోతే చూపు పోతుందని అక్కడ చెప్పారు. ఆపరేషన్ అనగానే మామ్మగారు కూలబడ్డారు. ఆవిడకు కూడా రెండు కళ్ళలో శుక్లాలు ముదిరి ఉన్నాయి. కొడుకూ కోడలూ ఎన్నేళ్ళుగా బతిమాలుతున్నా, "కంటి మీద కత్తి పెడతారంట, నేను రాను" అని మంచం కోడు పట్టుకునే మనిషి. మమ్మల్ని ఎవరినైనా గొంతును బట్టి, నడకను బట్టి గుర్తుపట్టేవారు. అది మాకు అలవాటైపోయింది.

గుంటూరుకు బాడుగ కారు మాట్లాడే పని మామ్మగారే పెట్టుకున్నారు. డ్రైవరు భాయికి ఫోన్ చేసి, "మా తాతగారికి కంటి ఆపరేషన్ భాయ్, జాగర్తగా తీసుకెళ్ళాల, పెద్దాయన" అన్నారు. పాపం, అతను తెల్లారేసరికి కారు కడిగి, వెనక సీటులో దిండు వేసి, వాళ్ళింటి నుంచి చేతికర్ర కూడా తెచ్చాడు. మేం తాతగారిని ఎత్తుకుని వస్తుంటే తలుపు తీసి పట్టుకుని మా వెనక్కి చూస్తూ నిలబడ్డాడు.

"పెద్దాయన ఏడమ్మా?"

"ఈయనే భాయ్" అన్నారు మామ్మగారు.

అతను ఒకసారి కుక్కను చూశాడు, ఒకసారి చేతికర్రను చూశాడు. తరువాత పగలబడి నవ్వాడు. నరసరావుపేట దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు. దిండు మాత్రం తీయలేదు. తాతగారు దాని మీదే తల పెట్టుకుని గుంటూరు వెళ్ళారు.

ఆపరేషన్ బాగా జరిగింది. కానీ ఇంటికి వచ్చాక చుక్కల మందు వేయడం మా ఆయన వల్ల కాలేదు. గేదెకు సూది వేయించేటప్పుడు పట్టుకున్నట్టు మీద పడి పట్టుకునేవాడు. తాతగారు అప్పటి నుంచి మొహం దగ్గరకు ఎవరి చెయ్యి వచ్చినా తల తిప్పేసుకోవడం మొదలుపెట్టారు. మామ్మగారు మాత్రం మెట్టు మీద కూర్చుని, "తల ఎత్తండి" అనేవారు. ఆయన ఎత్తేవారు. కళ్ళు సరిగా కనబడని ఆవిడ, కళ్ళకు కుట్లున్న ఆయనకు తడుముకుంటూ చుక్కలు వేసేవారు. అవి ఎలా సరిగా పడేవో నాకు ఇప్పటికీ తెలియదు.

నాలుగు రోజులు గడిచాక ఆవిడ నన్ను పిలిచి, చాలా మామూలుగా, "తాతగారు చేయించుకుని నిక్షేపంలా తిరుగుతన్నాడు. ఇంక నేను మంచం కోడు పట్టుకుంటే నలుగురూ నవ్వరూ? ఆ గుంటూరు ఫోన్ నంబరు కనుక్కో" అన్నారు.

"అది కుక్కల ఆసుపత్రి మామ్మగారూ."

"మడుసులది కనుక్కోవే!"

వదిన ఆ మాట విని వంటింట్లోనే కూర్చుని ఏడ్చింది. ఎన్నేళ్ళు చెప్పినా వినని మనిషి కుక్కను చూసి వెళ్తున్నందుకు కోపమో, వెళ్తున్నందుకు సంతోషమో ఆమెకే తెలియాలి. ఆ పక్షం రోజులు మా వీధికి తిరనాళ్ళే. అరుగు మీద నల్లద్దాలు పెట్టుకుని మామ్మగారు, పక్కన కుట్లు గీక్కోకుండా మెడలో తొడిగిన లౌడ్ స్పీకరు లాంటి ప్లాస్టిక్ గొట్టంతో తాతగారు. దారిన పోయేవాళ్ళు ఆగి ఇద్దరినీ పరామర్శించి వెళ్ళేవారు.

నల్లద్దాలు తీసిన రోజున నేను స్కూలు నుంచి వచ్చేసరికి మామ్మగారు తాతగారి నోరు తెరిచి పట్టుకుని ఉన్నారు.

"అమ్మాయ్, ఇట్టా రా. ఈయనకి పళ్ళన్నీ ఉన్నయ్యేందే! తెల్లగా మల్లెమొగ్గల్లా ఉన్నయ్యి! ఈయన వయసెంత?"

"ఇంకా రెండేళ్ళు నిండలేదు మామ్మగారూ."

"మరి చెప్పలేదేం?"

"మొదటిరోజే చెప్పాను. మీరు ఊరుకోమన్నారు."

ఆవిడ తాతగారి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశారు. తరువాత గలగలా నవ్వడం మొదలుపెట్టారు. "కుర్రకుంకా! ఇన్నాళ్ళూ పెద్దరికం ఎలగబెట్టావా?" అని ఆయన నెత్తిన మెత్తగా మొట్టారు. ఆ మొట్టికాయ ఒక్కటే. మర్నాడు పొద్దున మెట్టు మీద కూర్చుని మళ్ళీ, "తల ఎత్తండి తాతగారూ" అన్నారు. ఇప్పుడైనా పేరు పెట్టి పిలవవచ్చు కదా అని నేను అంటే, ఆవిడ నా వైపు కొత్త కళ్ళతో తేరిపార చూసి, "ఇచ్చిన గౌరవం ఎనక్కి తీసుకుంటారా ఎక్కడన్నా? పాపం, ఆయన చేసిన తప్పేముంది?" అన్నారు.

ఈ మాట నాకు క్లాసులో చాలాసార్లు పనికివచ్చింది. పిల్లవాడు ఒకసారి లెక్క తప్పగానే నా గొంతులో మర్యాద తగ్గబోతుంది. అప్పుడు మామ్మగారు గుర్తొస్తారు, గొంతు సర్దుకుంటాను. ఆవిడ నాకు పాఠం చెప్పాలని చెప్పలేదు, గుడ్డ ఆరేసుకుంటూ అన్నారు.

ఆ జాతికి ఎదిగే కొద్దీ ఒళ్ళు నిండి వీపు మీద ముడతలు తగ్గుతాయి, మొహం మీదవి మాత్రం ఉంటాయి. మామ్మగారికి ఇది మహా అన్యాయంగా తోచింది. "చూడు, నాకు పెరుగుతన్నయ్యి, ఈయనకి తగ్గుతన్నయ్యి. ఈయన నావి పారేసుకున్నాడా, నేను ఈయనవి తెచ్చుకున్నానా?" అని చెయ్యి చాపి చూపించేవారు. ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు తాతగారి మూతి నెరిసింది, మెట్లు మెల్లగా ఎక్కుతున్నారు. ఆవిడ మొదటిరోజు అన్న మాట ఇన్నాళ్ళకు నిజమైంది.

మామ్మగారు పోయిన తరువాతి రోజులు కష్టంగా గడిచాయి. ఇంటినిండా బంధువులు, అరుగు మీద కుర్చీలు. తాతగారు పొద్దున్నే లేచి మా గేటు సందులోంచి దూరి వెళ్ళి, మెట్టు దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తేవారు. ఎవరో ఒకరు "కుక్కను తోలండి" అనేవారు. నేను వెళ్ళి గొలుసు పట్టుకుని తీసుకొచ్చేదాన్ని. మా వరండాలో అవే మూడు గుడ్డలు, అవే కాచిన నీళ్ళు. బ్రూనో అన్నాను, తాతగారూ అన్నాను, ఆవిడ గొంతు అనుకరించాను కూడా. తల తిప్పేసుకున్నారు. మా ఆయన పట్టుకుంటానన్నాడు గానీ నేనే వద్దన్నాను. ముక్కు పక్క మడతలో ఎరుపు మొదలైంది. ఆ పాత పులిసిన వాసన కొద్దికొద్దిగా రావడం నాకు తెలుస్తూనే ఉంది. నాకు భయం వేసింది, మామ్మగారి మీద కోపం కూడా వచ్చింది. ఇంతలా అలవాటు చేసి ఇలా వెళ్ళిపోతారా అనిపించింది.

పెద్దకర్మ అయ్యింది, బంధువులు వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున తాతగారు మామూలుగానే వెళ్ళి మెట్టు దగ్గర కూర్చుని, మూసిన తలుపుకేసి గడ్డం ఎత్తారు. గొలుసు తీసుకుని నేను గేటు దాకా వెళ్ళానో లేదో తలుపు తెరుచుకుంది. వదిన వచ్చింది. జుట్టు రేగి ఉంది, ఒంటి మీద రాత్రి కట్టిన చీరే ఉంది. చేతిలో ఇత్తడి గిన్నె, భుజం మీద మంగళగిరి గుడ్డలు. మామ్మగారి పెట్టెలోంచి కొత్త చీర ఒకటి చింపినట్టుంది, అంచు ఇంకా మెరుస్తోంది.

ఆమె మెట్టు మీద కూర్చుంది. గుడ్డలు మూడూ ఒడిలో సర్దుకుంది. ఇన్నేళ్ళూ 'అది' అన్న నోరు కదా, తిరగడానికి కొంచెం టైము పట్టింది.

"తాతగారూ, తల ఎత్తండి" అంది.

ఆయన తల అప్పటికే ఎత్తి ఉంది. కళ్ళు తెరిచి ఆమెను చూశారు. ఆమె చెయ్యి వాసన చూశారు. తరువాత గడ్డాన్ని ఆ చేతిలో ఆనించి, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. వదిన నుదుటి దగ్గర మొదలుపెట్టింది. సరిగ్గా మామ్మగారి లాగే, మొదటి మడత విప్పి, తుడిచి, రెండోది.

నేను గొలుసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వదిన తల తిప్పకుండానే, "ఏంది చూస్తన్నావ్? ఆ పొడి గుడ్డ అందుకో. ఇంకా నా స్నానం కావాల, దీపం పెట్టాల" అంది.

పొడి గుడ్డ అందుకోవడానికి వంగినప్పుడు తెరిచిన తలుపులోంచి పూజగది కనబడింది. లోపల దేవుళ్ళు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.